పేరు రాయొద్దని చెప్పింది నేనే

మొన్న కంటి పరీక్షకని చేవెళ్లలో మెహదీపట్నం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాను. రెండు స్టేజీలు దాటాక తెల్లకోట్లు చేతి మీద మడతపెట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఎక్కి నా ముందు సీట్లో కూలబడ్డారు. అందులో ఒకమ్మాయి తల కిటికీ కడ్డీకి ఆనించి, "బర్నౌట్ అయిపోయిననే, ఇగ నాతోని కాదు" అన్నది. రెండో అమ్మాయి నవ్వి, తన చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఆమె చెవిలో పెట్టింది. ఆ తరువాత ఇద్దరూ మొయినాబాద్ దాకా కళ్లు మూసుకుని పాట వింటూ కూర్చున్నారు. ఎండగా ఉన్నదనో, ఆకలేస్తున్నదనో చెప్పుకున్నంత మామూలుగా అన్న మాట అది. నాకు మాత్రం ఈ వయసులో కూడా ఆ మాట వినగానే చెవులు వేడెక్కాయి. బస్సులో ఎవరైనా నన్ను గుర్తుపడతారేమోనన్నట్టు కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

ఆ దారిలోనే ఉన్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో నేను పందొమ్మిదేళ్లు పనిచేశాను. కాలేజీ పేరు ఇక్కడ అక్కర్లేదు, తప్పు నాది కాబట్టి. డాక్టరుగా కాదు, మెడికల్ సోషల్ వర్కర్‌గా. ఆ మాట విని చాలామంది నేను నర్సునేమో అనుకునేవారు. నన్ను కన్న మా అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ తన బిడ్డ డాక్టర్లకు పాఠాలు చెబుతుందని చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లందరికీ చెప్పుకునేది. అది నిజం కాదని నేనెన్నడూ సరిదిద్దలేదు. నా నిజమైన పని ఏమిటంటే, మూడో సంవత్సరం పిల్లలను వారానికి రెండు రోజులు చేవెళ్ల పక్కన కాలేజీవాళ్లు దత్తత తీసుకున్న ఊరికి వెంటబెట్టుకుపోవడం, ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు అప్పగించడం, ఆ ఇంట్లో ఏం తింటున్నారు, నీళ్లెక్కడివి, పిల్లలకు టీకాలు పడ్డాయా, ముసలివాళ్లు మందులు వేసుకుంటున్నారా అని పిల్లలు రాసుకొచ్చిన రికార్డులు దిద్దడం. మా విభాగంలో మిగతావాళ్లందరూ ఎం.డి.లు. శిబిరాలకు కుర్చీలు వేయించడం, హాజరు పుస్తకం మోయడం, బ్యానరు కట్టించడం నా వంతు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, పండుగలకు నన్ను కూడా పలకరించేవారు. కానీ వాళ్ల గదుల్లోకి వెళ్తే కూర్చోమని ఎవరూ అనేవారు కాదు, నేనూ కూర్చునేదాన్ని కాదు.

పిల్లలు మాత్రం నన్ను వదిలేవారు కాదు. అప్పట్లో కాలేజీ బస్సు ఊళ్లోకి వచ్చేది కాదు, రోడ్డు మీద దిగి క్యారెట్ మళ్ల పక్కనుంచి, బంతితోటల పక్కనుంచి కాలిబాటన నడిచేవాళ్లం. ఆ నడకలో చదువుల మాటలు, ఇంటి మాటలు, మెస్సులో పప్పు నీళ్లలాగుంటదన్న మాటలు, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారన్న మాటలు, అన్నీ నా చెవిన పడేవి. డాక్టర్లకు చెప్పలేనివి నాకు చెప్పేవారు, ఎందుకంటే నేను మార్కులు వేసేదాన్ని కాదు.

ఆ అమ్మాయి నాకు తెలిసింది అట్లాగే. వాళ్లది చేవెళ్ల అవతల బీజాపూర్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక ఊరు. తండ్రి ఒక దఫా సర్పంచ్‌గా చేసినవాడు, పొలం, పలుకుబడి రెండూ ఉన్నవాడు. కూతురికి సీటు వచ్చిన వారానికే ఊరి స్టేజీ దగ్గర ఫ్లెక్సీ కట్టించాడట. ఇంకా ఒక్క క్లాసుకూ పోని పిల్ల మెడలో స్టెతస్కోపు వేయించి, పేరుకు ముందు డాక్టర్ అని రాయించి, కింద శుభాకాంక్షలు చెప్పినవాళ్ల ఫొటోలు రెండు వరుసలు. అప్పటినుంచి శనివారం సాయంత్రం హాస్టల్ నుంచి ఆ పిల్ల ఇల్లు చేరిందంటే, ఆదివారం పొద్దునకల్లా వాళ్ల అరుగు మీద ఊరంతా ఉండేదట: షుగర్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, పట్నం దవాఖానలో రాసిచ్చిన చీటీలు పట్టుకుని. ఒకరోజు మళ్ల పక్కన నడుస్తూ ఆమే చెప్పింది.

"నాకేం తెలుస్తది మేడం, నేనింకా చదువుతనే ఉన్న. తెల్వదంటే బాపుకు నామోషీ. తెలుసంటే నాకు భయం."

నేను నవ్వి, ఇంకో రెండేళ్లయితే అన్నీ తెలుస్తాయిలే అన్నట్టు గుర్తు. వింటున్నది ఎంత బరువైన మాటో అప్పుడు నాకు తట్టలేదు. సోమవారం పరీక్ష పెట్టుకుని ఆదివారమంతా అరుగు మీద డాక్టరమ్మగా కూర్చుని, సాయంత్రం బస్సెక్కి వచ్చి పుస్తకం తెరిచే పిల్లకు విశ్రాంతి ఎప్పుడని నేను అడగలేదు.

ఆమె రికార్డు పుస్తకం మాత్రం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. అందరూ ఇంగ్లీషులో గళ్లు నింపి ఇచ్చేవారు. ఈ అమ్మాయి గళ్ల కింద మిగిలిన జాగాలో, ఆ ఇంటివాళ్లు అన్న మాటలను వాళ్లన్నట్టే తెలుగులో రాసేది. "గోలీ ఏసుకుంటే కడుపుల మండుతది, అందుకే దినం ఇడిసి దినం ఏసుకుంట" అని ఒక ముసలామె అన్న మాట అట్లా రాసుకొచ్చింది, ఎం.డి. చదివినవాళ్లు ఏడాదిగా కనుక్కోలేని సంగతి అందులో ఉన్నది. ఆమె తెలుగు రాతలో ఒక చిత్రం ఉండేది. తలకట్టు అక్షరానికి అంటకుండా, కొంచెం పైన, గాలికి ఎగిరిపోతున్నట్టు పెట్టేది. "నీ తలకట్లు ఎగిరిపోతున్నయి, జర పట్టుకో బిడ్డా" అని నేను ఎగతాళి చేస్తే, ఆ మరుసటి వారం రికార్డులో కావాలనే ఇంకా పైకి పెట్టి తెచ్చి నవ్వింది.

ఆ ఏడాదే మా విభాగానికి కొత్త పెద్దసారు వచ్చారు. వేరే రాష్ట్రం ఆయన, తెలుగు మాట్లాడడం, చదవడం రెండూ రావు, ఇంగ్లీషుతోనూ హిందీతోనూ నెట్టుకొచ్చేవారు. చురుకైన మనిషి. వచ్చిన కొన్నాళ్లకే మెడికల్ విద్యార్థుల్లో బర్నౌట్ మీద ఒక అధ్యయనం చెయ్యాలన్నారు. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఆయన నోటే. అంతకుముందు మేము అలసట అనేవాళ్లం, నీరసం అనేవాళ్లం, మా అవ్వయితే దిష్టి అనేది. ఆయన ఓపికగా వివరించారు: ఒళ్లు అలిసిపోవడం కాదు, మనసు అరిగిపోవడం, ఎంత నిద్రపోయినా తీరని అలసట, చదివిన చదువు మీద విరక్తి, రోగిని చూస్తే మనిషిని చూస్తున్నట్టు కాక పనిని చూస్తున్నట్టు అనిపించడం, తను దేనికీ పనికిరాననుకోవడం. దానికి ఏవేవి కారణమవుతున్నాయో, నిద్ర, పరీక్షలు, ఇంటివాళ్ల ఆశలు, సొంత ఇష్టంతో చేరారా లేదా, చెప్పుకునే స్నేహితులున్నారా, అన్నీ కనుక్కోవాలన్నారు. మంచి పనే. ఆయన ఉద్దేశంలో నాకు ఇప్పటికీ తప్పు కనబడదు.

పిల్లలు నా మాట వింటారు కాబట్టి కాగితాలు పంచే పని నాకిచ్చారు. సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టెకు తెల్లకాగితం అంటించి, పైన చీలిక కోసి, ఎన్నికల పెట్టెలాగా నేనే తయారుచేశాను. లెక్చర్ హాల్లో వేదిక ఎక్కి, మైకు లేకుండానే వినపడేలా, తెలుగులోనే చెప్పాను.

"పేరు రాయొద్దు, రోల్ నంబర్ రాయొద్దు. ఎవరు రాసిన్రో మాకు తెల్వదు, తెల్సుకోం గూడ. మనసుల ఉన్నది రాయుండ్రి. నాది హామీ."

పిల్లలు చప్పట్లు కొట్టారు. వేదిక మీద నిలబడి చప్పట్లు అందుకోవడం నాకదే మొదటిసారి. ఆ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఆ తరువాత జరిగినదానికి ఆ చప్పట్ల రుచికి సంబంధం ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మరునాడు పెట్టె విప్పి, పెద్దసారు గదిలో కాగితాలు వేరుచేస్తున్నాం. అన్నీ టిక్కులే. చివర్న "ఇంకేమైనా చెప్పదలచుకుంటే" అని వదిలిన ఖాళీలో ఎవరో మెస్సు గురించి రెండు ముక్కలు, ఎవరో నీళ్ల ట్యాంకు గురించి ఒక ముక్క, అన్నీ ఇంగ్లీషులో. ఒక్క కాగితం మాత్రం వెనకవైపు కూడా నిండిపోయి ఉన్నది, తెలుగులో. తలకట్లన్నీ పైకి ఎగిరిపోతున్నాయి.

అందులో ఉన్నది దాదాపు ఇది: "మూడో మంచం అవ్వ నిన్న చనిపోయింది. నా కేసు ఆమెదే. వారం రోజులు పక్కన కూసొని ఆమె బతుకంతా రాసుకున్న. పోయిందని సిస్టర్ చెప్తే నాకు ఏడుపు రాలే. శుక్రవారం ప్రెజెంటేషన్‌కు ఇంకో పేషెంటును ఎట్ల ఎతుకాల్నని చిరాకు వచ్చింది. ఆమె మీద కోపం వచ్చింది. చదివింది ఏదీ లోపలికి పోతలేదు. పొద్దున లేస్తనే అలిసిపోయి ఉంటున్న. ఇట్లాంటి మనిషి డాక్టర్ కావొచ్చునా అని ఎవర్నన్న అడగాలె. ఎవర్ని అడగాల్నో తెలుస్తలేదు."

నేను చదువుతుండగా సారు నా ముఖం చూసి, ఏమున్నదందులో అని అడిగారు. మెస్సు సంగతేనని చెప్పి ఆ కాగితం కట్టలో కలిపేస్తే అయిపోయేది, ఆయనకు చదవరాదు. కానీ ఆయన అప్పటికే కుర్చీ చూపించి కూర్చోమన్నారు, నాకు కూడా టీ తెమ్మని చెప్పారు. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆ గదిలో నేను కూర్చుని టీ తాగడం అదే మొదలు. నేను ఆ రాతను ఒక్కో వాక్యమే ఇంగ్లీషులో చెప్పాను, ఎక్కడ అర్థం చెడుతుందో అక్కడ ఆగి సర్ది మరీ చెప్పాను, ఆయన మెచ్చుకోలుగా వింటుంటే. అచ్చం మనం వెతుకుతున్నదే ఇది అన్నారాయన. తరువాత, పిల్లలందరూ మీకు తెలుసు కదా, ఎవరో పోల్చుకోగలరా అని అడిగారు.

నేను పేరు చెప్పాను.

ఆ పిల్లకేమైనా అవుతుందన్న భయంతో చెప్పానని చాలా ఏళ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అట్లాంటి రాత చూసి ఊరుకోవడం తప్పని, పెద్దవాళ్లకు తెలియాలని ఎవరైనా అంటారు, అందులో నిజమూ ఉన్నది. కానీ చెప్పిన క్షణాన నాలో ఉన్నది భయం కాదు. నాకు తెలుసునన్న గొప్ప. ఎం.డి.లకు తెలియనిది నాకు తెలుసు, రాత చూసి మనిషిని చెప్పగలను అన్న గొప్ప. అధ్యయనంలో నా పేరు కూడా వేస్తానని ఆయన ఆ మాటల మధ్యనే అన్నారు. టీ అయిపోయేదాకా కూర్చుని లేచివచ్చాను.

ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి వరండాలో ఎదురైంది. నన్ను చూసి నడక తగ్గించింది, నవ్వీ నవ్వనట్టు ముఖం పెట్టి నిలబడింది. నేను చంకలో ఉన్న ఫైళ్లు సర్దుకుంటూ, ఏదో తొందర పనున్నట్టు పక్కనుంచి దాటిపోయాను. మరునాడు కూడా అంతే. ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఉన్నది, నేను అటువైపు వెళ్లడం మానుకున్నాను. ఏదో ఒకటి జరగబోతున్నదని నాకు తెలుసు, అది జరిగేదాకా ఆమె కళ్లలోకి చూడకుండా ఉంటే చాలనుకున్నాను.

ఆ మరుసటి రోజు తండ్రిని పిలిపించారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, ఇద్దరు మనుషులను బయట కారు దగ్గర నిలబెట్టి ఆయన ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చాడు. నన్నూ పిలిచారు. బల్ల మీద ఆమె రాసిన కాగితం జిరాక్సు కాపీ ఉన్నది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక మడిచాడు. అంత పెద్దమనిషి గొంతు అంత చిన్నగా వస్తుందని నేననుకోలేదు.

"నీకేం తక్కువ చేసినం బిడ్డా? ఎవరన్న ఏమన్న అన్నరా? గిట్ల కాయితాల మీద రాసుకునే గతి ఎందుకొచ్చింది?"

ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. రాసినవాళ్లను వెతికి పట్టుకున్నారన్న మాట బయటికి పోతే బాగుండదని అప్పటికే అనుకున్నారో ఏమో, పెద్దసారు ముందుకొచ్చి, హిందీలో, మీ అమ్మాయే మా సోషల్ వర్కర్ దగ్గరికి వచ్చి చెప్పుకుంది అన్నారు. అప్పుడు ఆ పిల్ల తలెత్తింది.

"నేను మేడంతోని ఏం మాట్లాడలే సార్."

గదిలో ఉన్న నలుగురూ నావైపు చూశారు. నేను ఆమె వైపు చూడకుండా, ప్రిన్సిపాల్ బల్ల మీదున్న పూలగుత్తి వైపు చూస్తూ అన్నాను.

"చెప్పింది సార్. మర్చిపోయి ఉంటది."

తండ్రి ముందు అబద్ధాలకోరైన కూతురుగా నిలబడి, చెయ్యమన్నచోట సంతకం చేసింది. డాక్టరు దగ్గర చూపించుకుని, బాగానే ఉన్నదని కాగితం తెచ్చేదాకా ఇంటి దగ్గర ఉండాలన్నారు. హాస్టల్ గది ఖాళీ చేయించి, పరుపు చుట్టను కారు వెనక వేసుకుని తీసుకుపోయారు. అది చూడడానికి మెట్ల మీద పిల్లలు గుంపుగా నిలబడ్డారు. తరువాతి వారం ఊరికి పోయేటప్పుడు అందరూ నాకు పది అడుగులు ముందు నడిచారు.

నెల దాటాక ఒక ఆదివారం, చర్చి అయిపోయిన తరువాత, క్షమించమని అడుగుదామనే వాళ్ల ఊరికి వెళ్లాను. చేవెళ్లలో ఆటో మాట్లాడుకుని, దారంతా చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకుంటూ పోయాను. వాళ్లింటి అరుగు మీద ఎవరూ లేరు. కూతురికి పచ్చకామెర్లని తండ్రి ఊళ్లో చెప్పాడట, అంటుకుంటదన్న భయానికి జనం రావడం మానేశారు. ఆ పిల్ల పెరట్లో ఒక్కతే కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతున్నది. ముఖం కొంచెం నిండింది. తల్లి నన్ను లోపలికి తీసుకుపోయి, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగింది.

"తిన్నది, పన్నది, గంతే మేడం. నెల దినాల నుంచి పండుకునుడే. పొద్దెక్కినంక లేపితే మల్ల పండుతది. పండుడు గుడ రోగమేనా? మీరు చదువుకున్నోళ్లు, జర చెప్పుండ్రి."

రోగం కాదని, మూడేళ్ల నిద్ర బాకీ ఉన్నదని చెప్పవలసింది. అంతలో తండ్రి ఇద్దరు బంధువులతో లోపలికి వచ్చాడు. వాళ్ల ముందు ఆయన నావైపు చూసిన చూపు నాకు అర్థమైంది. నేను మజ్జిగ తాగమని, నూనె వస్తువులు మానమని, చెరుకురసం మంచిదని, కామెర్ల పథ్యమంతా చెప్పాను. తల్లి తలూపింది. గుమ్మం దగ్గర కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి అదంతా వింటున్నది. ఆటో దాకా సాగనంపడానికి ఆమె వస్తుందేమోనని చూశాను. రాలేదు. నేనూ పిలవలేదు. సంచిలో తల్లి పెట్టిన టమాటాలతో తిరిగి వచ్చాను.

ఆమె ఆరు నెలలకు తిరిగి కాలేజీలో చేరింది, వెనక బ్యాచ్‌లో. తోటివాళ్లు ముందుకు పోయారు, తమ్ముళ్ల వయసు పిల్లలతో బెంచీలో కూర్చున్నది. నాకు ఎదురైతే నమస్తే మేడం అనేది, అందరూ అన్నట్టే.

ఆ ఏడాది చివర పెద్దసారు అధ్యయనం రెండో విడత మొదలుపెట్టారు. మధ్యలో పిల్లలకు యోగా క్లాసులు, రెండు ఉపన్యాసాలు పెట్టించి ఉన్నారు, వాటి ఫలితం చూడాలని. మళ్లీ అదే అట్టపెట్టె, అదే వేదిక, అదే హామీ. ఈసారి చప్పట్లు లేవు. పెట్టె విప్పితే కాగితాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. అలసట అస్సలు లేదు. చదువంటే ఎంతో ఇష్టం. రోగులంటే ఎంతో ప్రేమ. టిక్కులన్నీ ఒకే గడిలో పైనుంచి కిందికి దారం పట్టినట్టు దిగాయి, వెనకవైపు ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. సారు సంతోషించారు. కార్యక్రమం వల్ల పిల్లలకు ఎంతో మేలు జరిగిందని గ్రాఫు గీశారు, ఒక సదస్సులో చదివారు, అది అచ్చయింది. రచయితల పేర్లలో చివర నాది. ఆ టిక్కుల అర్థం ఏమిటో కాలేజీ మొత్తంలో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, చెప్పలేదు.

చెప్పకపోగా ఇంకొక పని చేశాను. రాయడానికి అన్నిటికంటే చెయ్యి వెనకాడుతున్నది దీనికే. మా చర్చిలో ఆరాధన తరువాత, దేవుడు చేసిన మేలు చెప్పుకోదలచినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. నేను ఆ అచ్చు కాగితం చేతిలో పట్టుకుని లేచి నిలబడి, డాక్టర్ల పక్కన నా పేరు వేయించిన దేవునికి స్తోత్రం అన్నాను. నలుగురూ ఆమెన్ అన్నారు. మా అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆవిడ పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది, ఆ కాగితం మాత్రం ఫ్రేము కట్టించుకుని, చివరిదాకా మంచం పక్కనే పెట్టుకుంది.

రోజులు ఆగవు కదా. పెద్దసారు ఇంకో ఊరికి పెద్ద ఉద్యోగం మీద వెళ్లిపోయారు. ఆ అమ్మాయి పరీక్షలన్నీ పాసై హౌస్ సర్జన్ అయింది, అందరితోపాటు ఆమెకూ రెండు నెలలు పల్లె ఆరోగ్య కేంద్రంలో డ్యూటీ పడింది. కాలేజీ తరఫున నన్నూ అక్కడికే పంపారు. అక్కడ ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీ ఆమెది, ఒకటి నాది. రోజూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ బల్లకు అటూ ఇటూ కూర్చుని, నేను చీటీలు రాస్తుంటే ఆమె రోగులను చూసేది. నేను గమనించాను, ఆమె ఎవరినీ తొందరపెట్టేది కాదు. గోలీలు వేసుకోలేదని ఎవరైనా అంటే కసరకుండా, ఎందుకు వేసుకోలేదో చెప్పేదాకా ఓపిక పట్టేది. ఆదివారాలు ఇంటికి పోతున్నావా అని ఒకసారి అడిగితే, పోతున్నానని, అరుగు మీద కూర్చోనని మాత్రం తండ్రికి చెప్పేశానని అన్నది. ఆయన ఒక పూట అన్నం తినలేదట, తరువాత అలవాటుపడ్డాడట.

ప్రతిరోజూ చెప్పాలనుకునేదాన్ని. ప్రతిరోజూ ఎవరో ఒక రోగి అడ్డం వచ్చేవారు, వస్తే ఊరటగా ఉండేది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం, జనమంతా వెళ్లిపోయి, ఆమె బీపీ మిషను పెట్టెలో సర్దుతుండగా, ఇక ఆగలేక నోరు తెరిచాను.

"ఆ రోజు ఆఫీసుల నేను అబద్ధం చెప్పిన బిడ్డా. అంతకుముందు సారుకు నీ పేరు చెప్పింది గూడ నేనే."

ఆమె పెట్టె మూత వేసి, గొళ్లెం పెట్టింది.

"తెలుసు మేడం. ఆ కాయితాలు చూసేటోళ్లల్ల తెలుగు వచ్చింది మీకొక్కరికే."

కోపం ఉన్నదా అని అడిగాను. ఆమె పెట్టెను అలమరలో పెట్టి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"పేరు చెప్పిన్రని కాదు. మీరు పోల్చుకుంటరని తెలిసే తెలుగుల రాసిన మేడం. అందరి లెక్క టిక్కులు కొట్టి ఇయ్యొచ్చు. మీ ఎదురుంగ నిలవడి నోటితోని చెప్పనీకె రాక రాసిన. మీరు నా దగ్గరికి వస్తరనుకున్న. రెండు రోజులు వరండల ఎదురుచూసిన."

తరువాత అన్నది, "మూడో రోజు బాపొచ్చిండు."

అంతలో కాలికి ముల్లు దిగిన ఒక కూలిమనిషిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె లేచి ఎదురుపోయి, అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, నన్ను దూది అందించమన్నది. అందించాను. ఆ తరువాతి ఐదు రోజులూ ఎప్పటిలాగే మాట్లాడుకున్నాం. చివరి రోజు సంతకాలు చేయించుకుని, వెళ్లొస్తానని చెప్పి వెళ్లింది. తరువాత పై చదువు చదివి, దూరపు జిల్లాలో సర్కారు దవాఖానలో పనిచేస్తున్నదని విన్నాను. ఇన్నేళ్లుగా ఆ రెండు నెలల సంగతి తలుచుకుంటే, నన్ను క్షమించిందో లేదో ఆమె చెప్పనే లేదని, నేను అడగనూ లేదని గుర్తుకొస్తుంది.

కాలం మారింది, మంచికే మారింది. ఇప్పుడు కాలేజీలో సలహాలిచ్చే మనిషి వేరుగా ఉన్నదట, ఆమెకొక గది, అద్దాల తలుపు, గోడల మీద ఫోన్ నంబర్లు. పిల్లలు అలిసిపోయామని గట్టిగా చెప్పుకోగలుగుతున్నారు, దాచుకోవడం లేదు. మేమున్నప్పుడు ఇవేవీ లేవని, అందుకే అట్లా జరిగిందని చెప్పుకుంటే నాకు కొంత సుఖంగా ఉండేది. కానీ మా విభాగం వరండాలో నిలబడితే కుడివైపు చివర పెద్దసారు గది, ఎడమవైపు మెట్లు దిగితే ఎదురుగా ఆడపిల్లల హాస్టల్. రెండిటికీ దూరం ఒకటే. ఈ మధ్య ఆ పాత హాస్టల్ కూల్చేసి కార్లు నిలుపుకునే జాగా చేశారు, ఆడపిల్లలకు లిఫ్టులున్న పెద్ద భవనం వేరే చోట కట్టారు. బస్సు అటు పోయినప్పుడల్లా చూస్తాను, గోడ పక్కనుంచి కార్ల వరుసలు మాత్రం కనబడతాయి. పందొమ్మిదేళ్లలో నేను ఆ హాస్టల్ లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె ఉన్నది ఏ గదో నాకు తెలియదు.